కాలినడకన పడమటి ఊరికి

ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారని ఎవరైనా అడిగితే, నడిచే ఉద్యోగం అని చెబుతాను. వాళ్ళు ముందు నా మోకాళ్ళ వైపు చూస్తారు. పోస్టాఫీసా అంటారు కొందరు, కరెంటు మీటర్లు చూసే పనా అంటారు ఇంకొందరు. అదేం కాదు, కుర్చీలో కూర్చునే నడిచాను అంటే, పెద్దావిడకు కాస్త మతి తప్పిందనుకుని మాట మార్చేస్తారు. వీడియో గేములు ఆడుతూ పెరిగిన మీలాంటివాళ్ళకైతే రెండు ముక్కల్లో అర్థమవుతుంది కాబట్టి మీకు చెబుతున్నాను. నేను గేములో నడిచాను. జీతం తీసుకుని మరీ నడిచాను.

అంతకుముందు నేను ప్రూఫ్ రీడర్ని. నారాయణగూడ సందుల్లో పోటీ పరీక్షల గైడ్లు వేసే ఒక చిన్న ప్రెస్సులో వయసంతా తప్పులు దిద్దుతూ గడిపేశాను. కంప్యూటర్లు వచ్చాక తప్పులేమీ తగ్గలేదు, దిద్దాలన్న పట్టింపు మాత్రం తగ్గింది. ప్రెస్సు మూసేసే ముందు యజమాని నన్ను పిలిచి, అశోక్‌నగర్‌లో తన తోడల్లుడి కొడుకు ఏదో గేముల కంపెనీ పెట్టాడనీ, అక్కడ తప్పులు పట్టేవాళ్ళు కావాలనీ చెప్పాడు. తప్పు అక్షరంలో ఉంటే ఏమిటి, ఆటలో ఉంటే ఏమిటి, పట్టడమే కదా అన్నాడు. ఆయన మాట పట్టుకుని వెళ్ళాను. నాకు కొడుకుంటే వాడి వయసుండే టీమ్ లీడర్ ఒకతను చేతిలో రిమోటు లాంటిది పెట్టాడు. దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. అతను నవ్వలేదు. ఓపిక ఉంటే చాలమ్మా, మిగతాది నేర్చుకోవచ్చు అన్నాడు. ముషీరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఎంత పనిలోనూ గొంతు పెంచేవాడు కాదు.

మా ఆఫీసు ఒక మెస్ పైన రెండో అంతస్తు. పదకొండయ్యేసరికి సాంబారు వాసన మెట్లెక్కి వచ్చేది. కింద సందు నిండా పిల్లలు. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి, బ్యాంకులకి చదివేవాళ్ళు. చంకలో పుస్తకాలు, చేతిలో టీ గ్లాసు. ఆ సందులో ఎవరినీ భుజం తగలకుండా దాటలేం. ఆ గుంపు మీదుగా మెట్లెక్కి వెళ్ళి, మనిషన్నవాడు కనబడని ఎడారిలో నేను రోజంతా నడిచేదాన్ని.

గేము సంగతి చెబుతాను. అమెరికా పడమటి దేశం, వెనకటి కాలం. గుర్రాలు, వెడల్పు టోపీలు, మేకు కొట్టినట్టు నిలబడ్డ ఎర్రటి కొండలు. కథ ఒకటి ఉంది గానీ దాన్నే పట్టుకుని పోవాలన్న నియమం లేదు. ఎటు పోవాలనిపిస్తే అటు పోవచ్చు. విదేశంలో ఒక కంపెనీ తయారుచేస్తోంది, తప్పులు పట్టే పనిలో కొంత మాకిచ్చింది. తుపాకులు కాల్చి చూసే జట్టు పక్కగదిలో ఉండేది, ఒకటే గోల. మాది ప్రయాణాల జట్టు. ఆ దేశంలో ఒకచోటు నుంచి ఇంకోచోటికి ఎన్ని రకాలుగా పోవచ్చో అన్ని రకాలుగానూ పోయి, ఎక్కడ చెడిందో రాసి పంపడం మా పని.

గుర్రం మీద పోవచ్చు. దానికి మేత పెట్టి, ఒళ్ళు తోమి, మచ్చిక చేసుకుంటే ఎంత దూరంలో ఉన్నా ఈలకు పరుగెత్తుకొస్తుంది. ఊరి కూడలిలో నాలుగు గుర్రాల బండి ఉంటుంది, ఎక్కి ఫలానా ఊరు అంటే దింపుతాడు. రైలుంది. నది మీద పడవ ఉంది. ఏదీ లేకపోతే కాళ్ళున్నాయి.

గుర్రం పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయిది. అమ్మాయంటే చిన్నపిల్లేం కాదు, ముప్పై దగ్గర పడ్డ మనిషి. గ్రూప్స్‌కి చదువుతూ చదువుతూ హాస్టల్ ఖర్చుకి ఈ ఉద్యోగంలో చేరింది. రైలూ, బండీ, పడవా ఒకాయనవి. ఆయన్ని అందరం బండాయన అనేవాళ్ళం. అదివరకు ప్రైవేటు బస్సులకు టిక్కెట్లు బుక్ చేసిన మనిషి. రైలెక్కి కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాడంటే గేములోని రైలు కదిలేలోపు కుర్చీలోని మనిషి నిద్రపోయేవాడు. మెలకువ వచ్చాక రైలు పట్టాలు తప్పి గాల్లో ఉంటే అదే రాసి పంపేవాడు. ఇక నా సంగతి. నేనెక్కిన గుర్రాలన్నీ చెట్లకు గుద్దుకున్నాయి. కొన్నాళ్ళు చూసి టీమ్ లీడర్, అమ్మా, మీరు నడవండి అన్నాడు. అలా కాళ్ళు నా వంతుకు వచ్చాయి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నా ఉద్యోగమే అడుసు తొక్కడం. ఎక్కడ నేల మెత్తగా కనబడితే అక్కడ కాలు పెట్టాలి. ఎక్కడ రెండు బండల మధ్య సందుంటే అక్కడ దూరాలి. దూరి ఇరుక్కుంటే మంచిది, ఇరుక్కోవడమే పని. ఒక్కోసారి నేల చీలి, కింద ఏమీ లేని తెల్లటి శూన్యంలోకి పడిపోయేదాన్ని. పడుతూనే ఉండేదాన్ని. మొదట్లో గుండె జారేది. తర్వాత్తర్వాత పడుతూనే మంచినీళ్ళు తాగడం నేర్చుకున్నాను.

గుర్రపు మనిషికి గుర్రమైనా ఉంది. బండాయనకు బండివాడున్నాడు. నడిచేదానికి ఎవరున్నారు? ఎప్పుడో ఒకసారి ఎదురుగా ఒక టోపీవాడు వచ్చి, టోపీ అంచు మీద వేలు పెట్టి ఏదో పలకరించి వెళ్ళిపోయేవాడు. అది వాడికి నేర్పిన మాట, అందరితోనూ అదే అంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆఁ, బాగున్నానండీ అని పైకే అనేసేదాన్ని. జట్టంతా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. సాయంత్రం చిక్కడపల్లి ఇంటికి వెళ్ళాక ఆ రోజంతటిలో నన్ను బాగున్నారా అని అడిగింది వాడొక్కడేనని గుర్తొచ్చేది. పెళ్ళి చేసుకోని మనిషిని, ఒంటరిదాన్ని. అప్పటికి నాకు అది బాధగా కూడా అనిపించేది కాదు. అదే తమాషా.

ఇప్పుడు మేము ముగ్గురం చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఒకరోజు బండాయన ఒక తప్పు రాసి పంపాడు. నాలుగు గుర్రాల బండి నిండకుండానే బయలుదేరుతోంది అని. లోపల ఇంకా ముగ్గురు పట్టే చోటుండగా తనొక్కడినే ఎక్కించుకుని బండి ఎలా కదులుతుందని ఆయన అనుమానం. షేర్ ఆటోవాడు ఇంకొకరి కోసం అరిచి అరిచి, ముందుకో అడుగు వెనక్కో అడుగు వేసి గానీ కదలడు కదా. పాలమూరు అమ్మాయి ఇంకోటి రాసింది. దారిలో ఇల్లున్నా, ఇంటి ముందు మనిషి కూర్చుని ఉన్నా, గుర్రం మీద పోతున్న తనను ఎటు పోతున్నవ్ అని అడగడం లేదు, ఇది తప్పు అని. నేను నా వంతుగా, ఉప్పు పేరుకున్న నేలల దారిలో ఎంతసేపు నడిచినా ఎవరూ కనబడటం లేదు, మనుషులను పెట్టడం మరిచిపోయినట్టున్నారు అని రాశాను. మా ముగ్గురికీ నూటికి నూరుపాళ్ళూ అవి తప్పులే అనిపించాయి. ఒకరికొకరం చెప్పుకోకుండానే వేరువేరుగా రాశాం. ఒక్కసారి కాదు, కనబడిన ప్రతిచోటా రాశాం.

అన్నిటికీ అవతలి నుంచి ఒకటే జవాబు వచ్చేది. అది తప్పు కాదు, అలా ఉండాలనే అలా చేశాం అని. టీమ్ లీడర్ నా కుర్చీ పక్కకొచ్చి కూర్చుని, "అమ్మా, గా జాగల ఎవ్వరు ఉండొద్దంట. ఒంటరిగ అనిపియ్యాలెనట ఆడేటోనికి," అన్నాడు. ఒంటరితనం కావాలని కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా అని ఆశ్చర్యపోయాను. చెబితే నేను ఊరికే ఇచ్చేదాన్ని.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయినట్టు, మా రాతలన్నీ పోగుపడి పైవాళ్ళ దాకా వెళ్ళాయి. తప్పులు పట్టేవాళ్ళకే దారి ఇంత వెలితిగా ఉంటే ఆడేవాళ్ళు విసుగెత్తి పోరా అని వాళ్ళు ఆలోచించారు. పటం మీద వేలు పెడితే చాలు, ఎక్కడికైనా క్షణంలో చేరిపోయే ఏర్పాటు చేద్దామన్నారు. దారిలో పోయే పని లేకపోతే దారులు చూసే జట్టెందుకు? ఆ ముక్క ఎవరూ రాయలేదు గానీ మా ముగ్గురికీ అర్థమైంది.

నా సంగతి పర్వాలేదు, తిరిగి అక్షరాలు చూసే పనిలో పెడతామన్నారు. బండాయనకు పాత ఏజెన్సీ ఉంది. నెత్తిన పిడుగు పడింది పాలమూరు అమ్మాయికే. నోటిఫికేషన్లు వచ్చి ఆగి, వచ్చి రద్దయి, ఆమె యవ్వనమంతా ఈ సందుల్లోనే కరిగింది. ఈసారి ప్రిలిమ్స్ దాటింది. కొన్ని నెలల్లో మెయిన్స్. ఇదే ఆఖరుసారి అని ఇంట్లో ఒప్పుకుని వచ్చింది. మధ్యాహ్నం దాకా మా ఆఫీసు, ఆ తర్వాత తలుపులు మూసేదాకా చిక్కడపల్లి లైబ్రరీ. ఉద్యోగం పోతే హాస్టల్ పోతుంది, హాస్టల్ పోతే ఊరికి పోవాలి. ఊరికి పోతే చదువు సాగదు. ఇదంతా ఆమె నాకు చెప్పలేదు. బండాయన టీ తాగుతూ చెప్పాడు.

అవతలి కంపెనీలో ఆ దారులను గీసిన ఆవిడ ఒకరున్నారు. ఆవిడకు తన దారులు వృథా కావడం ఇష్టం లేదు. పైవాళ్ళను ఒప్పించి ఒక పరీక్ష పెట్టించారు. మేము ముగ్గురం తూర్పున నది ఒడ్డు ఊళ్ళో బయలుదేరి, ఎవరి పద్ధతిలో వాళ్ళం, పడమటి కొసన గనుల ఊరికి చేరాలి. మధ్యలో ఆపకూడదు. ఆవిడ కంప్యూటర్లో మా ముగ్గురి తెరలూ చూస్తుంటారు. చివర ఒక్కొక్కరినీ ఒకటే అడుగుతారు, మళ్ళీ ఈ దారిన ఇలాగే పోతారా అని. మా జవాబులు పైవాళ్ళకు చూపించి దారులనూ, మమ్మల్నీ నిలబెట్టాలని ఆవిడ ఆశ.

ముందురోజు టీమ్ లీడర్ మమ్మల్ని మెస్‌కు తీసుకెళ్ళి ఇడ్లీ తినిపించి మెల్లగా చెప్పాడు. "ఏం లేదు, అందరు ఒక్కటే మాట చెప్పుండ్రి. పోతం అనుండ్రి. గంతే." బండాయన బరాబర్ అన్నాడు. నేను తలూపాను. ఆ అమ్మాయి ఇడ్లీ తుంచుతూ కూర్చుంది. ఆమె కోసమే కదా ఇదంతా అని మాకు అనిపించింది. ఆమెకూ అనిపించే ఉంటుంది.

పరీక్ష మాకు పొద్దున, ఆవిడకు రాత్రి. తెర మీద మూలన చిన్న కిటికీలో ఆవిడ ముఖం, చేతిలో కాఫీ. బయలుదేరాం. బండాయన టిక్కెట్టు తీసుకుని రైలెక్కాడు. అమ్మాయి గుర్రానికి యాపిల్ పెట్టి మెడ నిమిరి ఎక్కింది. నేను ఊరు దాటి వంతెన మీదుగా నడక మొదలుపెట్టాను. కాసేపటికి బండాయన గురక, ఆ తర్వాత ఆయన రైలు కూత వినబడ్డాయి. ఆయన చేరిపోయాడు. ఇంకొంతసేపటికి అమ్మాయి గుర్రం కూడా గనుల ఊరి తొట్టి దగ్గర నీళ్ళు తాగుతోంది. నేనింకా సగం దూరం కూడా పోలేదు.

గడ్డిమైదానాలు అయిపోయాయి. ఎర్రకొండల నీడ అయిపోయింది. ఉప్పునేలలు వచ్చాయి. మీకు ఒకటి చెప్పాలి. పరీక్ష కాబట్టి ఎవరో చూస్తున్నారు, వెనకాల జట్టు నిలబడి ఉంది, అయినా ఆ నేల మీద నడుస్తుంటే ఎన్నడూ లేనంత దిగులు ముంచుకొచ్చింది. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంత నడిచాక అక్కడ మాత్రం ఎవరున్నారని అనిపించింది. ఆ ఊరు గురించి అనుకున్నానా, నా ఇంటి గురించి అనుకున్నానా, నాకే తెలియలేదు.

అప్పుడు పక్క కుర్చీలోంచి పాలమూరు అమ్మాయి నా తెర వైపు వంగి చూసింది. చూసి, తన గుర్రాన్ని మళ్ళీ ఎక్కి, వచ్చిన దారినే వెనక్కి తిప్పింది. ఏం చేస్తున్నావని టీమ్ లీడర్ సైగ చేశాడు. ఆమె పట్టించుకోలేదు. నేను ఎండిన వాగులో రైలు వంతెన కిందికి చేరేసరికి ఆమె గొంతు వినబడింది.

"అక్కా, నువ్వు రైలు బ్రిడ్జి కింద ఉన్నవ్ గదా. నేను గూడ గీడికే వచ్చిన."

నా తెర చూసుకున్నాను. ఎవరూ లేరు. ఆమె తెర చూశాను. అదే వంతెన, అవే స్తంభాలు, అదే ఇసుక, స్తంభం నీడలో ఆమె గుర్రం. నేను లేను. గేము తెలిసిన మీకు ఇది వింతగా ఉండదు. అది ఒక్కరు ఆడే ఆట. ఆమె దేశం ఆమెది, నా దేశం నాది. రెండిట్లోనూ అదే వాగు ఉంటుంది గానీ ఒకరికొకరు కనబడం. ఇన్నాళ్ళూ పక్కపక్కన కూర్చుని ఒకే ఎడారిలో తిరిగాం. ఒక్కరోజూ ఈ సంగతి నాకు తట్టలేదు.

"కనబడతలేవు గని, నేనైతే ఉన్న. నడువు," అంది.

గుర్రం దిగింది. కళ్ళెం పట్టుకుని, తన తెరలో తను, నాతో సమానంగా నడవడం మొదలుపెట్టింది. నేను బండ దగ్గర ఎడమకు తిరిగితే ఆమె ఎడమకు తిరిగేది. నేను ఆగితే ఆగేది. గుర్రం ఎక్కే రావచ్చు కదమ్మా, ఎందుకు దిగావన్నాను. "నువ్వు నడుస్తుంటె నేను ఎక్కి కూసుంటే బాగుంటదా?" అంది. నా తెరలో నేనొక్కదాన్నే. కానీ ఒక్కదాన్నే అనిపించలేదు. నాకు కళ్ళు మసకబారాయి, దారి కనబడక ఒక ముళ్ళపొదలో దూరాను. ఆమె కూడా అదే పొదలో దూరింది.

ఆ మిగతా దారంతా మాట్లాడుకుంటూ నడిచాం. నిజానికి అదే మొదటిసారి మాట్లాడుకోవడం. హాస్టల్ గదిలో నలుగురుంటారట, నలుగురికీ కావలసింది ఒకే ఉద్యోగం కాబట్టి ఎవరూ ఏం చదువుతున్నదీ చెప్పుకోరట. పుస్తకం మూసి దిండు కింద పెట్టుకుని పడుకుంటారట. ఇంత జనంలో ఉండి తిన్నవా అని అడిగేవాళ్ళు లేరని చెప్పింది. నువ్వెవరితో ఉంటావని అడిగింది. మా అక్కా నేనూ ఉండేవాళ్ళం, ఆవిడ పోయాక ఒక గది అలాగే ఉండిపోయిందని చెప్పాను. ఆ మాట నేను ఆఫీసులో ఎవరితోనూ అనలేదు. బండాయన నిద్ర లేచి, గురక మానేసి వింటున్నాడు.

గనుల ఊరు వచ్చింది. దారులు గీసిన ఆవిడ చిన్న కిటికీలోంచి ముందుకు వంగి, ఆ గుర్రం మనిషి ఎందుకు వెనక్కి వెళ్ళిందని అడిగారు. నడిచేవాళ్ళను తీసుకురావడానికి వెళ్ళిందని టీమ్ లీడర్ చెప్పాడు. ఆ తర్వాత ప్రశ్న మొదలైంది. బండాయన, పోతా మేడం, బరాబర్ పోతా, నిద్ర మంచిగ పడతది అన్నాడు. టీమ్ లీడర్ దాన్ని ఇంగ్లీషులో ప్రయాణం చాలా హాయిగా ఉందిట అని మార్చి చెప్పాడు.

తర్వాత ఆమె వంతు. తన బతుకు దేనిమీద ఆధారపడి ఉందో ఆమెకు మా అందరికంటే బాగా తెలుసు. ఒక్క మాట అంటే సరిపోతుంది. టీమ్ లీడర్ ప్రశ్న రెండోసారి కూడా అడిగాడు.

"ఒక్కదాన్నయితే పోను," అంది.

టీమ్ లీడర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. ఏమందని ఆవిడ అడిగితే మార్చక తప్పలేదు. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టారు.

ఇక నేను. నేను గట్టిగా పోతానంటే ముగ్గురిలో ఇద్దరు పోతామన్నట్టవుతుంది, దారులు నిలబడొచ్చు, ఈ పిల్ల మెయిన్స్ రాయొచ్చు. అబద్ధమాడటానికి నేను సిద్ధంగానే ఉన్నాను. తీరా నోరు తెరిచేసరికి అబద్ధమాడే అవసరమే రాలేదు. "వెళ్తానండీ. నాకు అలవాటే," అన్నాను. అంత సులువుగా వచ్చిందా మాట. టీమ్ లీడర్ ముఖం విప్పారింది. ఆవిడ రాసుకున్నారు, థాంక్స్ చెప్పి కిటికీ మూసేశారు.

మెట్లు దిగుతుంటే ఆమె నా వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, నా నౌకరి కోసమని అబద్ధం చెప్పినవా?"

"లేదమ్మా. నిజమే చెప్పాను."

"గదే పరేషానయితున్నది నాకు," అంది.

నేను ఆ మెట్ల మీద నిలబడిపోయాను. మెస్ నుంచి పళ్ళేల చప్పుడు వస్తోంది. నా ఒంటరితనం గురించి ఇంకొకరు దిగులుపడటం నేనెరిగినంతలో అదే మొదలు. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఈ పిల్లకెందుకని. ఇంటికి వెళ్ళి అన్నం వండుకోకుండా కూర్చున్నాను.

పైవాళ్ళు దారులు గీసిన ఆవిడ మాట వినలేదు. వేలు పెడితే చేరిపోయే ఏర్పాటే గెలిచింది. పాలమూరు అమ్మాయి జవాబు వల్లే అలా జరిగిందా, ముందే తేల్చుకున్నారా అన్నది మాకు తెలియలేదు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనలేదు. టీమ్ లీడర్ మాత్రం కొన్నాళ్ళు ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు. ఆ నెలతో ప్రయాణాల జట్టు లేకుండా పోయింది. బండాయన పాత ఏజెన్సీకి వెళ్ళిపోతూ, నీ నడక చూస్తే నాకు కాళ్ళు గుంజేవి అక్కా అన్నాడు. నన్ను తెర మీద వచ్చే మాటల్లో అచ్చుతప్పులు చూసే గదిలో కూర్చోబెట్టారు.

ఒక ఆదివారం మా ఇంటి మెట్ల దగ్గర ట్రంకుపెట్టె పెట్టుకుని పాలమూరు అమ్మాయి నిలబడి ఉంది. హాస్టల్ ఖాళీ చేశానంది. "నీ ఇంట్ల జాగ ఉన్నదంటివి గదా అక్కా. మెయిన్స్ దాక ఉంట. కిరాయి మల్ల ఇస్త," అంది. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో తెలియనట్టు, చాలా మామూలుగా అడిగింది. ఆ తెలివి గ్రూప్స్ చదివితే వచ్చేది కాదు. అక్క గది తలుపు తీసి, ఇద్దరం కలిసి బూజు దులిపాం.

ఆ నెలలు నాకు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఆమె పొద్దంతా చదివేది. సాయంత్రం నేను వచ్చేదాకా అన్నం తినేది కాదు. తినమ్మా అంటే, ఒక్కదాన్నే తింటే లోపలికి పోదు అనేది. తను రాసిన జవాబులు నాచేత చదివించి దిద్దించుకునేది. నేను ఎప్పుడో ప్రూఫు చూసిన గైడే ఒకటి ఆమె దగ్గరుంది. అందులో తప్పు దొరికితే ఇల్లెగిరిపోయేలా నవ్వేది. నా పచ్చళ్ళు కారం తక్కువనేది, నా భాష సినిమా భాషనేది. నేను ఏమైనా అంటే, ఆంధ్రోళ్ళకు కోపమెక్కువ అని ఒక మాట అంటించి గదిలోకి పోయేది. ఆ గది తలుపు ఎప్పుడూ తీసే ఉండేది.

మెయిన్స్ రాసింది. ఫలితాల కోసం ఊరికి పోకుండా ఇక్కడే ఉంది. వచ్చింది ఉద్యోగం. పేరు చూసుకున్న రోజు ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. పోస్టింగు ఎక్కడో రాష్ట్రం కొసన, అడవుల వైపు. ట్రంకుపెట్టె ఆటోలో పెట్టి, కాళ్ళకు దండం పెట్టబోతే వద్దని దగ్గరకు తీసుకున్నాను. నువ్వు ఒక్కదానివి ఉండొద్దు అక్కా అని చెప్పి ఎక్కింది. మంచి ఆఫీసరైంది. మొదట్లో రోజూ ఫోను చేసేది, తర్వాత ఆదివారాలు, ఇప్పుడు పండగలకు. అది తప్పని నేననను. పని ఉన్న మనిషి.

నేను రిటైరయ్యాను. ఇన్నేళ్ళు ఒంటరిగా ఉన్నదాన్ని, తిరిగి ఒంటరిగా ఉండటానికి నాకేం కష్టమనుకున్నాను. ఉండలేకపోయాను. సాయంత్రమైతే గేటు చప్పుడుకు లేచేదాన్ని. ఇద్దరికి బియ్యం పోసి, వండాక తెలుసుకునేదాన్ని. అంతకుముందు అంత హాయిగా ఎలా బతికానో ఇప్పుడు నాకే అర్థం కాదు. ఆమె నా ఇంట్లోంచి పట్టుకుపోయింది ఆ అలవాటునే. తిరిగి ఇమ్మని అడగలేను, ఇచ్చినా తీసుకోను.

చివరికి గేటుకు టూ-లెట్ బోర్డు కట్టాను. అశోక్‌నగర్ పక్కనే కదా, పిల్లలు వరసగా వచ్చారు. వాళ్ళు కిరాయి ఎంతని, నీళ్ళు ఎప్పుడొస్తాయని, వైఫై ఉందా అని అడుగుతారు. నేను మాత్రం, సాయంత్రం భోజనం ఇంట్లో చేస్తావా అమ్మా అని అడుగుతాను. మెస్ ఉంది ఆంటీ అంటారు. మొన్న వచ్చిన నల్లగొండ పిల్ల కూడా అదే అంది. ఇచ్చాను గది. బుద్ధిమంతురాలు, నెమ్మదస్తురాలు, వచ్చి తలుపు వేసుకుని చదువుకుంటుంది. చీకటి పడ్డాక ఆ తలుపు కింద నుంచి వెలుతురు కనబడుతుంది. అదే చాలనుకుని సరిపెట్టుకోవాలని చూస్తున్నాను గానీ, ఇంకా అలవాటు కాలేదు.